సైనిక పతాకనిధి – ఊరిపెద్దల ధర్మము



ఏటేట డిసెంబరు నెల 7వ తేదీన చిన్న కాగితపు జెండా యొకటి మన చొక్కాలపైఁ గనఁబడుచుండుటను మీరందఱు నెఱుఁగుదురు. అరచేతిలో సగమైనను లేని యా జెండాకు మూఁడు రంగులు గలవు. అవి మన జాతీయపతాకములోని రంగులు గావు. ఎఱుపు భూసేనకును, ముదురు నీలము నౌకాసేనకును, లేఁత నీలము వాయుసేనకును గుఱుతులు. ఆ జెండాను మన యింటికిఁ దెచ్చి యిచ్చువారు పలుచోట్ల పాఠశాల పిల్లలు. వారు చాఁచిన డబ్బాలో మనము పది రూపాయలు వేసి, జెండాను గుండెమీఁద గ్రుచ్చుకొని, సాయంకాలమునకు దానిని మఱచిపోవుదుము. ఆ డబ్బు ఎక్కడికిఁ బోయినది, ఎవరి యింటికిఁ జేరినది అని విచారించువారు మనలో అరుదు. నేను నేఁడు మీకుఁ జెప్పఁదలఁచినది ఆ డబ్బు కథయే.

ముందుగా నా తప్పొకటి మీ యెదుట నొప్పుకొనవలెను. నేను ముప్పదియైదేండ్లు తెలుగు పండితుఁడుగా ఉన్నతపాఠశాలలలోఁ బనిచేసితిని. అందు కడపటి పదునెనిమిదేండ్లు స్వగ్రామమునకుఁ జేరువనున్న బడిలోనే గడచినవి. జెండాల కట్ట బడికి వచ్చినపుడెల్ల ప్రధానోపాధ్యాయులవారు దానిని నాకే యప్పగించెడివారు. నేను తరగతి తరగతికిఁ దిరిగి, వీరధర్మమును గూర్చి రెండు పద్యములు చదివి, పిల్లలచేత డబ్బులు వేయించి, లెక్క వ్రాసి, సొమ్ము పంపి, రసీదు తీసికొనెడివాఁడను. ఆ లెక్కలో ఒక్క పైసయైనఁ దప్పలేదు. అంతటితో నా ధర్మము తీఱెనని తలఁచితిని.

2008లో, ఏడవ తరగతి చదువుచున్న బాలుఁ డొకఁడు జెండాను చేతఁబట్టుకొని లేచి నిలిచి, "మేష్టారూ, ఈ డబ్బు లెవరికి వెళ్లును?" అని యడిగెను. "దేశముకొఱకు సైన్యములోఁ బనిచేసినవారికి" అంటిని. "మా తాతయ్యయు సైన్యములోఁ బనిచేసినవాఁడే గదా! ఆయనకేమియు రాదేమి?" అనెను. "వచ్చుచునే యుండును లేరా, పెద్దల సంగతులు నీకేమి తెలియును, కూర్చుండు" అని వానిని గసరితిని. వాఁడు కూర్చుండెను. నిజమునకు ఆ ప్రశ్నకు సమాధానము నాకును దెలియదు. తెలియదని పిల్లవాని యెదుటఁ జెప్పుటకు నోరు రాలేదు. తెలిసికొనవలెనను బుద్ధియుఁ బుట్టలేదు.

ఆ బాలుని తాతగారి యిల్లు మా వీథిలోనే, మా యింటికి నాలుగిండ్ల యవతల. నేను ఆయనను బాబాయి యని పిలిచెడివాఁడను; ఊరివారికి ఆయన మిలిటరీ తాత. 1962లో చైనాతో యుద్ధము జరిగిన మఱుసటి యేఁడు సైన్యమునఁ జేరి, 1965 నాఁటి యుద్ధమున పశ్చిమపు సరిహద్దున నుండి, తొమ్మిదేండ్లు సేవచేసెను. ఇంతలో తండ్రి మరణించెను, తమ్ములు చిన్నవారు, భూమి చూచుదిక్కు లేదు. తానే కోరి విడుదలపొంది యిల్లు చేరెను. సైన్యములో సిపాయికి సేవా పింఛను రావలెనన్నఁ బదునేనేండ్లు నిండవలెను. ఆయనకుఁ దొమ్మిదే నిండినవి. కావునఁ బింఛను లేదు. కౌలుకు సేద్యము చేసి, ఒడలు వంగిన పిమ్మట ధాన్యపు మిల్లున రాత్రి కావలి కాచి, 2014లో కాలధర్మము నొందెను. ఆయన పాడె మోసినవారిలో నేనును ఒకఁడను. ఆనాఁడైనను మనుమఁ డడిగిన ప్రశ్న నాకు జ్ఞప్తికి రాలేదు.

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు ఈ నిధి యెట్లు పుట్టినదో కొంత విన్నవించెదను.

పోరాడినవాని కుటుంబమును ఊరు పోషించుట మనకుఁ గ్రొత్త గాదు. రాయలసీమలో పొలముల గట్లమీఁదను, గుడుల ముంగిళ్లలోను వీరగల్లులు నేఁటికిని నిలిచియున్నవి. పోరిలోఁ బడినవాని రూపమును రాతిపైఁ జెక్కించి, వాని వారికి భూమి నిచ్చినట్లు వ్రాయించిన శాసనములును గలవు. రాయి పేరును నిలుపును; భూమి యింటిని నిలుపును. రెండును గావలెనని పూర్వు లెఱింగిరి.

ఇంగ్లీషువారి యేలుబడిలో, 1914 మొదలు 1918 వఱకు జరిగిన ప్రపంచయుద్ధమునకు పదిలక్షలకు మించిన భారతీయులు సముద్రములు దాఁటి వెళ్లిరి. పశ్చిమగోదావరి జిల్లా మాధవరము ఇంటింటినుండి సైనికులను బంపి 'మిలిటరీ మాధవరము' అని పేరు వడసిన సంగతి మనకుఁ దెలిసినదే. యుద్ధము ముగిసి తిరిగివచ్చినవారి మంచిచెడ్డలు చూచుటకు 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డు అను సంస్థ యేర్పడెను. అదియే 1951లో నొకమాఱును, 1975లో నొకమాఱును పేరు మార్చుకొని నేఁటి కేంద్రీయ సైనిక బోర్డైనది.

స్వాతంత్ర్యము వచ్చినవెంటనే దేశవిభజనపు కల్లోలము, కాశ్మీరపు యుద్ధము కలిగినవి. ఒకవైపు మరణించినవారి యిండ్లు. ఒకవైపు కాలుసేతులు పోయినవారు. మఱియొకవైపు రెండవ ప్రపంచయుద్ధము ముగియఁగానే సైన్యమునుండి విడుదలయైన వేలకొలఁది జనము. 1949 ఆగస్టు 28వ తేదీన రక్షణమంత్రిగారి ఆధ్వర్యమున నొక సంఘము ఏర్పడి, ఏటేట డిసెంబరు 7వ తేదీని పతాకదినముగా జరిపి ప్రజలయొద్ద విరాళములు కూర్పవలెనని నిర్ణయించెను. ఆ సొమ్మును మూఁడు పనులకు వినియోగింపవలెను. యుద్ధమున మరణించినవారి కుటుంబములను, అంగవికలులైనవారిని నిలువఁబెట్టుట మొదటిది. కొలువులోనున్న సైనికుల కుటుంబముల క్షేమము రెండవది. కొలువు ముగిసినవారిని, వారి కుటుంబములను ఆదుకొనుట మూఁడవది.

ఇచట మీలో నొకరు, "పంతులుగారూ, పింఛనులిచ్చుటకు ప్రభుత్వమున్నది గదా! మరల ప్రజలను యాచించుట యేల?" అని యడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. దానికి సమాధానము సైన్యపు స్వభావములోనే యున్నది. సైన్యము ఎల్లప్పుడును పడుచుదనముతో నుండవలెను. కావున సిపాయిలలోఁ బెక్కుమంది ముప్పదియైదు నలువదియైదేండ్ల నడుమనే బయటికి వచ్చెదరు. ఏటేట సుమారు 60,000 మంది యిట్లు వచ్చుచున్నారు. గృహస్థునకు ఆ వయస్సు బరువు లన్నియు ఒక్కసారి మీఁదఁబడు కాలము. పిల్లలు బడిలో నుందురు. తల్లిదండ్రులు మంచము పట్టుదురు. చేతికి వచ్చిన విద్య తుపాకి పట్టుట యొక్కటే. పింఛను కలవారికి అది కొంత యాధారము. పదునేనేండ్లు నిండకయే యింటికి వచ్చినవారి మాట యేమి? చట్టము ఎక్కడనో యొకచోట గీఁత గీయకతప్పదు. గీఁతకు ఇవతలఁ బడినవాని యాఁకలికి ఆ గీఁత తెలియదు. చట్టము చేయి చాలనిచోట అందుకొనుటకే ధర్మనిధి యుండుట.

ఈ నిధిలో వచ్చి కలసిన పాయలలో నొకదాని కథ యుపాధ్యాయుఁడనైన నాకు మిక్కిలి ప్రియమైనది. లండను నగరమున ఆర్థరు పియర్సను అను పత్రికాధిపతి యుండెను. డైలీ ఎక్స్‌ప్రెస్ అను దినపత్రికను 1900లో స్థాపించినవాఁ డాయనయే. కంటి జబ్బుచేత ఆయన చూపు పోయెను. 1915లో, యుద్ధమునఁ గన్నులు పోయిన సైనికులకొఱకు ఆయన యొక యాశ్రమము తెఱచెను. సెయింట్ డన్‌స్టన్స్ అని దానికిఁ బేరు. చూపు లేనివానిని మూలఁ గూర్చుండఁబెట్టి యన్నము పెట్టుట ఆయన కిష్టము లేదు. చూపు లేకయే బ్రదుకు గడపుట నేర్పవలెనని ఆయన పట్టుదల. వ్రేళ్లతోఁ దడవి చదువు బ్రెయిలు లిపి, టైపు కొట్టుట, బుట్టలల్లుట, కోళ్లను పెంచుట మొదలైనవి యక్కడ నేర్పిరి.

అచట శిక్షణపొందినవారిలో క్లూథా మెకంజీ యను న్యూజీలాండు సైనికుఁ డొకఁడు. 1915లో గల్లిపోలి యుద్ధమున ఆయన రెండు కన్నులును బోయినవి. 1943లో, రెండవ ప్రపంచయుద్ధమున చూపు పోయిన భారతసైనికులకొఱకు డెహ్రాడూనులో అదే పేరుతో ఆశ్రమము తెఱవఁబడఁగా, దానిని నడపినవాఁ డాయనయే. తాను నేర్చినదానిని తనవంటి దుఃఖము కలవారికి నేర్పెను. 1950లో మన ప్రభుత్వము ఆ పనిని జేపట్టి, సైనికులకేగాక చూపులేని పెద్దలందఱికి శిక్షణనిచ్చు కేంద్రముగాఁ జేసెను. 1951లో అక్కడనే కేంద్ర బ్రెయిలు ముద్రాలయము నెలకొన్నది. మన భాషలన్నిటికిని ఒక్క పద్ధతిలో నుండు భారతీ బ్రెయిలు ఆ కాలముననే స్థిరపడెను. అందుఁ దెలుగును గలదు. నేఁడు చూపులేని తెలుగు బాలుఁడు వ్రేలితోఁ దడవి చదువు పుస్తకములకు వెనుక ఆ సైనికుల యాశ్రమపు శ్రమయుఁ గొంత యున్నది. సైనికులకని త్రవ్విన బావి ఊరందఱికిని నీళ్లిచ్చినది.

ఇట్లు వేఱువేఱుగా నున్న నిధులను 1993లో నొక్కచోటఁ జేర్చిరి. పాత పతాకదిన నిధి, యుద్ధమున ఆప్తులను బోఁగొట్టుకొన్నవారికిని అంగవికలులకును ఏర్పడిన నిధి, సెయింట్ డన్‌స్టన్స్ ఇండియా నిధి, కేంద్రీయ సైనిక బోర్డు నిధి, గూర్ఖా మాజీ సైనికుల నిధి యన్నియుఁ గలసి సాయుధదళముల పతాకదిన నిధి యైనవి. కేంద్రమున దీని నిర్వాహకసంఘమునకు రక్షణమంత్రిగారు అధ్యక్షులు. మూలధనమును భద్రముగా నుంచి, దానిపై వచ్చు ఆదాయమునుండి సాయములు చేయుదురు. దరఖాస్తులను జూచి, విచారించి, పైకిఁ బంపువారు మన జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములవారు.

ఇఁక నీ సాయము లేవో వినుఁడు. అఱువదియైదేండ్లు నిండి, పింఛను గాని వేఱు స్థిరమైన రాబడి గాని లేని మాజీ సైనికులకు, హవల్దారు మొదలు ఆ క్రింది హోదాలవారికి, నెలనెల జీవనభృతి గలదు. అట్టివారు మరణించినచో వారి భార్యలకును అది గలదు. ఆ హోదాలవారి పిల్లలలో ఇద్దఱికి ఒకటవ తరగతి మొదలు పట్టభద్రులగువఱకు చదువు సాయము గలదు; భర్త పోయి రెండేండ్ల పై చదువు చదువఁగోరు స్త్రీకిని అది వర్తించును. ఇద్దఱు కూఁతుండ్ర పెండ్లికి సాయము గలదు. భర్తను గోల్పోయిన స్త్రీ మరల వివాహము చేసికొన్నను ఆ పెండ్లి సాయము గలదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించినపుడు ఊరంతయు నెదురు తిరిగెను. నేఁడు ధర్మనిధియే ముందునిలిచి ఆ వివాహమునకు సొమ్మిచ్చుచున్నది. ఆ మార్పు మనము గుఱుతింపఁదగినది.

2025 అక్టోబరులో ఈ సాయములను రెట్టింపు చేయ నిశ్చయించిరి. జీవనభృతి నెలకు 4,000 రూపాయలనుండి 8,000కును, చదువు సాయము తలకు నెలకు 1,000నుండి 2,000కును, పెండ్లి సాయము 50,000నుండి లక్ష రూపాయలకును బెరిగినవి. 2025 నవంబరు 1వ తేదీనుండి వచ్చిన దరఖాస్తులకు ఈ క్రొత్త మొత్తములు వర్తించును. ఇవిగాక సంస్థలకును సాయము గలదు. అంగవికలులైన సైనికులకుఁ జేతిపనులు నేర్పుటకు 1917లో స్థాపింపఁబడి నేఁడు పూనే చెంత ఖడ్కీలోనున్న క్వీన్ మేరీ సాంకేతిక పాఠశాల, వెన్నెముక దెబ్బతిని నడుము క్రిందఁ జచ్చువడినవారికై ఖడ్కీలోను మొహాలీలోను నడచుచున్న గృహములు అట్టివి. మీరు డబ్బాలో వేసిన పదిరూపాయలు చేరు త్రోవ లివి.

ఇదంతయు నేను బడిలో నుండఁగానే తెలిసికొనియుండవలసినది. తెలిసికొనలేదు. 2019లో ఉద్యోగవిరమణ చేసితిని. 2022 డిసెంబరున నొకనాఁడు జిల్లా కేంద్రములో బస్సుకొఱకుఁ గాచియుండి, కనఁబడిన వ్రాఁతనెల్ల చదువు పాత యలవాటుచేత, గోడపై నంటించిన ప్రకటన నొకదానిని చదివితిని. అఱువదియైదేండ్లు దాఁటి పింఛను లేని మాజీ సైనికులును, వారి భార్యలును జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున దరఖాస్తు చేసికొనవచ్చునని అందుండెను. పదునాలుగేండ్ల క్రిందట ఏడవ తరగతి గదిలో లేచి నిలిచిన బాలుని ముఖము నా కన్నులకుఁ గట్టినది. బస్సు వచ్చి వెళ్లిపోయినది. నేను తిరిగి కార్యాలయమునకు నడచితిని.

ఆ సాయంకాలమే పిన్నిగారి యింటికిఁ బోయితిని. ఆమెకు అప్పటికి డెబ్బదిరెండేండ్లు. కొడుకు దూరదేశమునఁ గూలికిఁ బోయినాఁడు. మనుమఁడు పట్టణమున ఆటో నడపుచున్నాఁడు. ఆమె అరుగుమీఁదఁ గూర్చుండి ఎవరికో కూలికిఁ జింతపండు గింజ తీయుచుండెను. నేను సంగతి చెప్పఁగా నమ్మలేదు. "ఆయనకు పింఛను లేదని అప్పుడే చెప్పేశారు గదా మేష్టారూ, పోయిన మనిషికి ఇప్పుడెవరిస్తారు?" అనెను. డిశ్చార్జి పుస్తకమున్నదా యని యడిగితిని. ఆమె లోపలికిఁ బోయి, తెల్లని రంగుతో సంఖ్యయుఁ బేరును వ్రాసియున్న నల్లని ఇనుపపెట్టెను దెఱచి, పాత చీర ముక్కలోఁ జుట్టిన పుస్తకము నొకదానిని దెచ్చెను. దానికిఁ బసుపు కుంకుమలు పెట్టియుండెను. ఏటేట దసరాలకు ఆయుధములకు బదులు దానికే పూజ చేయుదురఁట. ఒక మూల చెదలు తినివేసినవి. దైవవశమున అక్షరములు మిగిలినవి. యాఁబదియేండ్లు పూజ పొందిన యా పుస్తకమును అంతవఱకు ఎవరును జదువలేదు. చదువుకొన్నవాఁడను నేను నాలుగిండ్ల యవతలనే యుంటిని.

పని ఒక్కనాఁటితోఁ గాలేదు. పుస్తకములో భార్య పేరు పుట్టింటివారు పెట్టిన పేరు. ఆధారు కార్డులో అత్తవారింటి పిలుపుపేరు. ఇద్దఱు నొక్కతెయే యని ఋజువు లేనందున మొదటి దరఖాస్తు తిరిగివచ్చెను. నోటరీ యెదుట ప్రమాణపత్రము వ్రాయించితిమి. బాబాయి మరణపత్రము, బ్యాంకి పుస్తకము, వేఱు రాబడి లేదను పత్రము సమకూర్చితిమి. నాలుగుమాఱులు జిల్లా కేంద్రమునకుఁ బోయి వచ్చితిమి. అక్కడి గుమాస్తా తానును సైన్యమునుండి వచ్చినవాఁడే. ఆయన మా కాగితములు సరిచూచుచు ఒకమాట చెప్పెను: "అయ్యా, మాకు జాబితాలోని పేర్లు తెలియును గాని, ఊళ్లలోని మనుష్యులు తెలియరు. ఎవరో యొకరు చేయిపట్టుకొని తీసికొనిరావలెను." ఆ మాట నా చెవిలో నేఁటికిని మ్రోఁగుచున్నది.

2024లో ఉత్తరువు వచ్చెను. అప్పటి మొత్తము ప్రకారము నెలకు 4,000 రూపాయలు. ఏటేట తాను జీవించియున్నట్లు పత్రమిచ్చుచుండవలెను. సొమ్ము బ్యాంకిలోఁ బడినదని చదివి చెప్పితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. పిమ్మట ఆమె యన్నమాట ఉన్నదున్నట్లు చెప్పెదను: "అయితే ఆయన చేసిన తొమ్మిదేళ్లూ ఎక్కడో లెక్కలోనే ఉన్నాయన్నమాట, మేష్టారూ!" సొమ్ము వచ్చినదని గాదు, లెక్కలో నున్నవని ఆమె సంతోషము. ఇప్పుడు ఆమె చింతపండు గింజ తీయుట మానినది. మోకాళ్ల నొప్పులకు నెలనెల మందు కొనుచున్నది. ఆ యేఁటి పతాకదినమున పిల్లలు వచ్చినపుడు పది రూపాయలిచ్చి కొన్న జెండాను బాబాయి పటమునకు గ్రుచ్చినది.

మఱుసటి సంక్రాంతికి మనుమఁడు ఊరికి వచ్చి నన్నుఁ జూడ వచ్చెను. "నీవు ఏడవ తరగతిలో అడిగిన ప్రశ్న జ్ఞప్తి యున్నదా?" అంటిని. ఉన్నదని తలయూఁచెను. "దానికి సమాధాన మిప్పుడు చెప్పుచున్నాను. ఆ డబ్బు మీ తాతవంటివారికే. ఆయన బ్రదికియుండఁగా ఆ గుమ్మము తొక్కవలసినవాఁడను నేను, తొక్కలేదు" అంటిని. వాఁడేమియు ననలేదు, నా కాళ్లకు నమస్కరించెను. ఆ నమస్కారమునకు నేను తగనని నాకుఁ దెలియును.

పెద్దలారా! నా కథ మీకుఁ జెప్పుటకుఁ గారణ మొక్కటే. మన పూర్వులు దానమునకు ముఖ్యముగా పాత్రను జూడుమనిరి. పాత్రుని వెదకి చూపుటయు దానములో భాగమే. జెండా కొనుట సగము పని. ఆ సొమ్ము చేరవలసిన యింటిని చూపుట తక్కిన సగము. మొదటి సగము పిల్లలును జేయఁగలరు. రెండవ సగము ఊరిని ఎఱిఁగినవారు, అక్షరమును ఎఱిఁగినవారు, అనఁగా మీవంటివారు చేయవలసినది.

మీరు చేయవలసిన పనులు కష్టమైనవి గావు. మొదటిది: మీ యూరిలో సైన్యమునఁ బనిచేసి వచ్చినవా రెవరు, వారిలోఁ బింఛను లేనివా రెవరు, పోయినవారి భార్య లెవరు అని యొక కాగితముమీఁద వ్రాసికొనుఁడు. రచ్చబండకడ ఒక పూఁట కూర్చుండిన నా జాబితా పూర్తియగును. రెండవది: వారి పెట్టెలలోని డిశ్చార్జి పుస్తకమును జదువుఁడు. పూజచేయువారు చేయవచ్చును, కాని ముందు దానికి నకలు తీయింపుఁడు, చెదలుపట్టని చోట దాఁచింపుఁడు. మూఁడవది: పుస్తకములోని పేర్లకును, ఆధారు కార్డులోని, బ్యాంకిలోని పేర్లకును భేదమున్నదేమో చూడుఁడు. భర్త బ్రదికియుండఁగానే దానిని సరిచేయించుట సులభము. పోయిన పిమ్మట వృద్ధురాలు ఒంటరిగా చేయించుకొనుట దుష్కరము. నాలుగవది: దరఖాస్తులను ఇప్పుడు కంప్యూటరు ద్వారా పంపవలసియున్నది. చదువుకొన్న కుఱ్ఱవాని నొకనిని వారికి తోడుగా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకుఁ బంపుఁడు. దళారుల కొక్క రూపాయియు ఇయ్యవలసిన పని లేదు. తిరిగివచ్చిన దరఖాస్తు తిరస్కరింపఁబడినదని తలఁపక, ఏ కాగితము తక్కువైనదో చదివి మరలఁ బంపుఁడు.

ఇఁక డిసెంబరు 7వ తేదీన పిల్లలు వచ్చినపుడు జెండాను దప్పక కొనుఁడు. శక్తికలవారు మఱికొంత యెక్కువ యిండు. ఈ నిధికిచ్చిన విరాళమునకు ఆదాయపు పన్నులో మినహాయింపుఁ గలదు. డబ్బాను బట్టుకొన్న పిల్లవాఁడు ఈ డబ్బెవరికని యడిగినచో, వానిని కసరకుఁడు. చేయిపట్టుకొని తీసికొనిపోయి, ఊరిలో నా యింటిని చూపుఁడు. చూపుటకు మీ యూరిలో నట్టి యిల్లు తెలియనిచో, లేదని యనుకొనకుఁడు. మీరింకను వెదకలేదని యనుకొనుఁడు. నేను పదునాలుగేండ్లు వెదకలేదు. నాలుగిండ్ల యవతలనే యుండెను.